ఆడపడుచు వాటా

భారతీయ స్త్రీల జీవితంలో గత నూటయాభై ఏళ్ళలో వచ్చిన మార్పును కొలిచేవారు సాధారణంగా చదువును, ఉద్యోగాన్ని, వివాహ వయసును, ఓటును, పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా స్త్రీలకు దక్కిన పదవులను లెక్కలోకి తీసుకుంటారు. ఇవి పదిమందికీ కనిపించే మార్పులు కాబట్టి వీటి మీద చర్చ కూడా ఎక్కువగానే జరిగింది. వీటికంటే నెమ్మదిగా, చాలావరకు ఇంటి గడప లోపలే జరుగుతూ వచ్చిన మార్పు తండ్రి ఆస్తిలో కూతురికి దక్కిన హక్కు. కూతురిని కాలేజీకి పంపడానికి అప్పు చేసిన తండ్రి, ఆమెకు ఉద్యోగం వచ్చినందుకు ఊరంతా మిఠాయి పంచిన అన్న కూడా పొలం పంపకాలకు కూర్చున్ననాడు ఆమెను పిలవకపోవడం తెలుగునాట నిన్నమొన్నటి వరకు ఎవరికీ వింతగా తోచలేదు. భూమి మీద, ఇంటి మీద పేరు లేనివారికి బ్యాంకులో అప్పు పుట్టడం కష్టం, రైతుకు వచ్చే ప్రభుత్వ సాయం అందదు, వేధించే భర్తను కాదని బయటకు వస్తే తలదాచుకునే చోటు ఉండదు కాబట్టి, తక్కిన మార్పులు ఎంత దూరం సాగగలవన్నది చాలావరకు ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది.

బెంగాలు, అస్సాం ప్రాంతాలను, కేరళలోని మాతృవంశ కుటుంబాలను మినహాయిస్తే దేశంలోని అధిక భాగంలో హిందూ కుటుంబాల ఆస్తి వ్యవహారాలను శతాబ్దాల పాటు నడిపినది మితాక్షర సంప్రదాయం. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్యానం పేరే మితాక్షరం. దీని ప్రకారం తాతతండ్రుల నుంచి వచ్చిన పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు ఏర్పడుతుంది. తండ్రి, కొడుకులు, మనుమలు, మునిమనుమలు కలిసి ఒక ఉమ్మడి హక్కుదారుల బృందంగా ఉంటారు. వారిలో ఒకరు మరణిస్తే ఆ వాటా మిగిలిన మగవారికి చేరిపోతుంది. న్యాయస్థానాల భాషలో ఈ బృందాన్ని కోపార్సినరీ అని, అందులోని వ్యక్తిని కోపార్సినర్ అని అంటారు. కూతురికి ఇందులో చోటు లేదు. ఆమెకు పోషణ, పెళ్ళి ఖర్చు, పెళ్ళినాడు వచ్చిన కానుకల రూపంలో స్త్రీధనం మాత్రమే దక్కేవి. అయితే సంప్రదాయం పేరు చెప్పి స్త్రీకి ఆస్తిహక్కును కాదనేవారు తరచుగా మరచిపోయే విషయం ఒకటి ఉంది. విజ్ఞానేశ్వరుడు స్త్రీధనాన్ని చాలా విశాలంగా నిర్వచించి, వారసత్వంగా వచ్చినదాన్ని, కొన్నదాన్ని, పంపకంలో వచ్చినదాన్ని కూడా అందులో చేర్చాడు. ఆ నిర్వచనాన్ని కుదించి, వారసత్వంగా వచ్చిన ఆస్తి స్త్రీధనం కాదని తేల్చినది బ్రిటిష్ పాలనాకాలంలో లండనులోని ప్రీవీ కౌన్సిలు.

ఆనాటి కుటుంబ వ్యవస్థలో కొడుకులు లేని ఇంటి పద్ధతి మరింత ఆలోచింపజేస్తుంది. ఆంధ్ర ప్రాంతంలోని రెడ్డి, కమ్మ కుటుంబాల్లో కూతురికి పెళ్ళి చేసి అల్లుడిని ఇంట్లోనే ఉంచుకుని, సేద్యం అప్పగించి, కొడుకుతో సమానంగా ఆస్తి ఇచ్చే ఇల్లరికపు ఆచారాన్ని మద్రాసు హైకోర్టు సైతం గుర్తించింది. తర్వాత కొడుకు పుట్టినా ఇల్లరికపుటల్లుడి వాటా పోదు. కూతురిని పెళ్ళాడిన పరాయి పురుషుడికి కొడుకు హోదా ఇవ్వడానికి అంగీకరించిన సమాజం, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన కూతురికి నేరుగా ఆ హోదా ఇవ్వడానికి మాత్రం అంగీకరించలేదు. కోస్తా జిల్లాల్లో భూవసతి ఉన్న కుటుంబాలు కూతురికి పసుపు కుంకుమల కింద ఎకరమో రెండెకరాలో ఇవ్వడం మరొక ఆచారం. కాని అది తండ్రి దయ మీద ఆధారపడిన కానుక కావడం వల్ల, అడిగి తీసుకునే హక్కుగా ఎన్నడూ మారలేదు.

పందొమ్మిదో శతాబ్దపు సంస్కర్తలు మొదట పట్టించుకున్నది కూతుళ్ళను కాదు, వితంతువులను. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం రెండో పెళ్ళికి అనుమతి ఇస్తూనే, పెళ్ళి చేసుకున్న వితంతువు మొదటి భర్త ఆస్తి మీద హక్కును కోల్పోతుందని ఒక షరతు పెట్టింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు జరిపించిన తొలి వితంతు వివాహం వెనుక ఎంత ధైర్యం ఉందో అందరికీ తెలుసు. ఆ బాటలో నడిచిన స్త్రీ సమాజపు నిందతో పాటు చట్టప్రకారమే ఆస్తినష్టాన్ని కూడా భరించవలసి ఉండేదన్నది అంతగా ప్రచారంలో లేని సంగతి. 1937లో వచ్చిన హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం భర్త వాటాను వితంతువుకు ఇచ్చింది గాని, ఆమె బతికి ఉన్నంత కాలం అనుభవించడానికి మాత్రమే ఇచ్చింది. తీవ్ర అవసరం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప ఆమె దానిని అమ్మడానికి గాని, తన ఇష్టప్రకారం రాసివ్వడానికి గాని వీలు లేదు. ఆమె తర్వాత అది తిరిగి భర్త వంశంలోని వారికే చేరుతుంది. ఆ చట్టంలో కూతురి ప్రస్తావనే లేదు.

కూతురికి వారసత్వం ఇవ్వాలన్న ప్రతిపాదన గట్టిగా ముందుకు వచ్చింది 1940లలో, బెనగల్ నరసింగరావు అధ్యక్షతన ఏర్పడిన హిందూ న్యాయ సంఘం ముసాయిదాతో. దానిని డాక్టర్ అంబేడ్కర్ న్యాయశాఖ మంత్రిగా హిందూ కోడ్ బిల్లు రూపంలో చట్టసభ ముందు ఉంచి, పుట్టుకతో వచ్చే పురుష హక్కును తొలగించాలని వాదించారు. కూతురికి వాటా ఇస్తే భూములు ముక్కలవుతాయని, అన్నాచెల్లెళ్ళ ప్రేమ చెడుతుందని, అల్లుళ్ళు ఇంట్లో చొరబడతారని సభ లోపలా వెలుపలా వచ్చిన అభ్యంతరాలు నేటికీ పల్లెటూళ్ళలో దాదాపు యథాతథంగా వినిపిస్తాయి. ఇద్దరు కొడుకులు పంచుకున్నా భూమి ముక్కలవుతుందన్న ఎదురుప్రశ్నకు ఆనాడు గాని నేడు గాని సరైన జవాబు రాలేదు. బిల్లు ముందుకు సాగకపోవడంతో 1951లో అంబేడ్కర్ పదవికి రాజీనామా చేశారు. తర్వాత అది నాలుగు చట్టాలుగా విడిపోయి నెగ్గింది. వాటిలో ఆస్తికి సంబంధించినది 1956 జూన్ 17న అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం.

ఈ చట్టం ఒక చేత్తో ఇచ్చినదానిలో కొంత రెండో చేత్తో వెనక్కి తీసుకుంది. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తిలో, అంటే స్వార్జితంలో, ఆయన వీలునామా రాయకుండా మరణిస్తే కొడుకు, కూతురు, భార్య, తల్లి సమానంగా పంచుకుంటారని చెప్పింది. పిత్రార్జితం విషయంలో మాత్రం మితాక్షర బృందాన్ని అలాగే ఉంచింది. ఈ తేడా ఎంతటిదో ఒక లెక్కతో సులభంగా తెలుస్తుంది. పన్నెండు ఎకరాల పిత్రార్జితం ఉన్న తండ్రికి ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారని, తల్లి ముందే కాలం చేసిందని అనుకుంటే, పాత పద్ధతిలో తండ్రి పోగానే పన్నెండు ఎకరాలూ కొడుకువే. 1956 చట్టం ప్రకారం తండ్రి మరణానికి ముందు క్షణంలో తండ్రీకొడుకుల మధ్య పంపకం జరిగినట్టు ఊహించి చెరి ఆరు ఎకరాలు వేసి, తండ్రి ఆరింటిని కొడుకుకు, కూతురికి సమానంగా పంచాలి. అంటే కొడుకుకు తొమ్మిది, కూతురికి మూడు. కుటుంబం కాపురముంటున్న ఇంటి విషయంలో మరొక అడ్డు కూడా ఉండేది: మగ వారసులు తమంతట తాము పంచుకుంటే తప్ప ఇంటిని పంచమని కూతురు అడగరాదు.

అయినా అదే చట్టంలోని పద్నాలుగో సెక్షను మాత్రం నిశ్శబ్దంగా ఒక పెద్ద పని చేసింది. స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి దాదాపు ఏ మార్గంలో వచ్చినా ఆమె దానికి సంపూర్ణ యజమాని అవుతుందని అది ప్రకటించింది. దీని అర్థం తేలడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. తేల్చిన వ్యాజ్యం నెల్లూరు ప్రాంతానిది. 1931లో భర్త చనిపోయిన తులసమ్మ తన పోషణ కోసం మరిది శేషారెడ్డి మీద దావా వేయగా, 1949లో కుదిరిన రాజీ ప్రకారం ఆమెకు కొంత ఆస్తి జీవితకాలపు అనుభవం కింద దక్కింది. ఆమె 1960 ప్రాంతంలో దానిలో కొంత అమ్మగా, అమ్మే హక్కు ఆమెకు లేదని మరిది కోర్టుకు వెళ్ళాడు. హైకోర్టు ఆమెకు వ్యతిరేకంగా చెప్పినా, 1977లో సుప్రీంకోర్టు, పోషణ అన్నది హిందూ స్త్రీకి ముందునుంచీ ఉన్న హక్కు గనుక దానికి బదులుగా ఇచ్చిన భూమి మీద ఎన్ని షరతులు రాసినా 1956 తర్వాత అది ఆమెకు సంపూర్ణంగా చెందుతుందని తీర్పు చెప్పింది. దేశంలోని ఏ మూల వితంతువు ఆస్తి వివాదం వచ్చినా న్యాయవాదులు నేటికీ ఈ తెలుగు స్త్రీ పేరును ఉదాహరిస్తూనే ఉంటారు.

అదే 1970ల దశకంలో ప్రభుత్వమే కూతురిని ఎలా చూసిందో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం ఒక కుటుంబం ఉంచుకోదగిన భూమికి పరిమితి విధిస్తూ, ఇంట్లో మేజరు కొడుకులు ఉంటే ఒక్కొక్కరి లెక్కన ఆ పరిమితిని పెంచుకోవచ్చని చెప్పింది. మేజరు కూతురు ఉన్నా అలాంటి పెంపు లేదు. పెద్ద భూస్వాముల నుంచి మిగులు భూమి రాబట్టడమే లక్ష్యమైన అభ్యుదయ చట్టం కూడా, కొడుకు వేరు సంసారం పెట్టవలసిన రైతు అని, కూతురు మరొక ఇంటికి వెళ్ళిపోయే మనిషి అని ముందే నిర్ణయించుకుంది. భూమి కోసం పోరాడిన పార్టీలు సైతం ఈ విషయాన్ని పెద్దగా ప్రశ్నించకపోవడం విచారకరం.

ఈ నేపథ్యంలో 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణను చూస్తే దాని ప్రాముఖ్యం బోధపడుతుంది. అంతకు పదేళ్ళ ముందు కేరళ ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేయగా, ఆంధ్రప్రదేశ్ ఆ పద్ధతిని ఉంచుతూనే కూతురిని కూడా కొడుకులాగే పుట్టుకతో కోపార్సినర్‌గా చేర్చింది. 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఈ సవరణ పీఠికలో, కూతురిని ఆస్తి నుంచి మినహాయించడం వల్లనే వరకట్న దురాచారం పుట్టిందని స్పష్టంగా చెప్పారు. వరకట్నాన్ని నిషేధిస్తూ ఈ రాష్ట్రం 1958లోనే, కేంద్రం కంటే ముందుగా చట్టం చేసి ఉన్నా ఫలితం లేకపోవడాన్ని గమనించిన శాసనకర్తలు, నిషేధంతో కానిది వాటాతో అవుతుందని ఆశించినట్టున్నారు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్రలు 1994లో ఇదే దారి పట్టాయి.

అయితే ఆ చట్టం ఒక గీత కూడా గీసింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళయిన కూతుళ్ళకు, అప్పటికే పంపకాలు పూర్తయిన కుటుంబాలకు అది వర్తించదు. పెళ్ళయిన ఆడపడుచులు కట్నం రూపంలో తమ భాగం తీసుకున్నారన్నది ఆ మినహాయింపు వెనుక ఉన్న ఊహ. దీని ఫలితంగా ఒకే ఇంట్లో 1985 వేసవిలో పెళ్ళయిన అక్కకు పుట్టుకతో హక్కు లేకుండా పోయి, మరుసటి ఏడాది పెళ్ళయిన చెల్లెలికి కొడుకుతో సమానమైన వాటా వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పాటు రాష్ట్రంలోని సివిల్ కోర్టుల్లో భాగపరిష్కారపు దావాలు ఎన్నో పెళ్ళి తేదీ చుట్టూ తిరిగాయి. శుభలేఖలు, పెళ్ళి ఫోటోలు సాక్ష్యాలయ్యాయి.

లా కమిషన్ 2000లో ఇచ్చిన 174వ నివేదిక తర్వాత, 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఈ గీతను చెరిపేసింది. పెళ్ళయినా కాకపోయినా కూతురు కోపార్సినరే. కాపురముంటున్న ఇంటిని పంచమని అడగరాదన్న అడ్డు తొలగింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలను, రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడరాదు. పైన చెప్పిన పన్నెండు ఎకరాల కుటుంబంలో ఇప్పుడు తండ్రి, కొడుకు, కూతురు తలా నాలుగు ఎకరాల హక్కుదారులు. తండ్రి నాలుగు ఎకరాలు చెరి రెండుగా చీలగా చివరకు ఇద్దరికీ ఆరేసి ఎకరాలు వస్తాయి. సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న ప్రశ్న మీద సుప్రీంకోర్టులోనే 2015లో ఒక తీరుగా, 2018లో మరో తీరుగా తీర్పులు వచ్చి అయోమయం ఏర్పడగా, వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, హక్కు పుట్టుకతో వచ్చినది కాబట్టి తండ్రి జీవించి ఉండటంతో నిమిత్తం లేదని తేల్చింది. నోటిమాట మీద పంపకాలు ఎప్పుడో అయిపోయాయన్న వాదనను కూడా, గట్టి ప్రభుత్వ పత్రాల ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లో తప్ప, అంగీకరించరాదని చెప్పింది. పెద్దమనుషుల సమక్షంలో తెల్లకాగితం మీద పారీఖత్తు, అంటే పంపకాల పత్రం, రాసుకుని పొలాలు పంచుకునే అలవాటున్న తెలుగు పల్లెలకు ఈ చివరి మాట చాలా ముఖ్యమైనది.

ఇలా పిత్రార్జితం విషయంలో చట్టపరమైన సమానత్వం పూర్తయిన తర్వాత అసలు కథ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి మారింది. కూతురికి హక్కు లేని రోజుల్లో ఆమె సంతకం ఎవరికీ అవసరం లేదు. హక్కు వచ్చాక ఆ హక్కును వదులుకుంటున్నానని ఆమె సంతకం పెట్టవలసి వచ్చింది. తండ్రి పోయిన తర్వాత పట్టా మార్పిడికి, అంటే ఆంధ్రలో మ్యుటేషన్ అని, తెలంగాణలో విరాసత్ అని పిలిచే ప్రక్రియకు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఉన్న ఆడపడుచులందరి అంగీకారం కావాలి. భూమి కొనేవారి న్యాయవాదులు సైతం ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ఈసీతో పాటు అక్కచెల్లెళ్ళ సంతకాలు ఉన్నాయా అని ముందుగా చూస్తారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న చెల్లెలు అన్న పేర జీపీఏ, అంటే తన తరఫున సంతకం చేసే అధికారపత్రం, రాసి పంపుతుంది. హైదరాబాదు శివార్లలో, విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ఎకరం ధర కోట్లకు చేరిన తర్వాత ఈ సంతకానికి ఒక వెల కూడా ఏర్పడి, వాటాకు బదులుగా కొంత సొమ్ము ముట్టజెప్పడం మామూలైంది. అది నిజమైన వాటా విలువలో ఎన్నో వంతు అన్నది అన్నల మంచితనాన్ని, ఆడపడుచు భర్త పట్టుదలను బట్టి ఉంటుంది.

ఆమె ఎందుకు సంతకం పెడుతుందన్న ప్రశ్నకు అమాయకత్వం అని జవాబు చెప్పడం తొందరపాటు. పుట్టిల్లు ఆమెకు పండుగకు వెళ్ళే చోటు మాత్రమే కాదు, అత్తింట్లో కష్టం వస్తే నిలబడే ఏకైక అండ; పురుళ్ళు, చీరసారెలు, పిల్లల పెళ్ళిళ్ళలో మేనమామ పెట్టే బట్టలు మొదలైన బంధాలన్నీ అన్నదమ్ముల చేతిలోనే ఉంటాయి. వాటా అడిగితే ఆ తలుపు మూసుకుంటుందని ఆమెకు తెలుసు. కోర్టుకు వెళితే దావా తేలడానికి పట్టే ఏళ్ళూ తెలుసు. కాబట్టి ఆమె చేస్తున్నది ఒక లెక్క ప్రకారం వివేకమైన బేరమే. అన్యాయం ఉన్నది ఆమె నిర్ణయంలో కాదు, అన్నదమ్ములు ఎన్నడూ అలాంటి బేరం చేయవలసిన అవసరం లేకపోవడంలో. తమ్ముడు తన వాటా తీసుకుంటే అన్న ప్రేమ పోతుందని ఎవరూ భయపడరు.

ఈ బేరంలో కట్నం పాత్ర ప్రధానమైనది. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా తీరిపోయిందన్న మాట ప్రతి పంపకంలోనూ వస్తుంది. చట్టం దృష్టిలో కట్నం నేరమే తప్ప వాటా కాదు. తండ్రి బతికి ఉండగా ఆయన స్వార్జితంలో ఇకముందు రాబోయే వారసత్వాన్ని వదులుకుంటున్నట్టు పెళ్ళినాడు రాయించుకునే కాగితం సాధారణంగా చెల్లదు. స్థిరాస్తిలో హక్కు విడుదల పత్రం రిజిస్టరు కావలసిందే. పైగా కట్నపు సొమ్ము కూతురి చేతికి కాక అల్లుడి వ్యాపారానికో, ఆడబిడ్డ పెళ్ళికో పోతుంది కాబట్టి దానిని ఆమె వాటాగా లెక్కగట్టడంలో న్యాయం లేదు. 1985 సవరణ ఆశించినట్టు వాటా వచ్చి కట్నాన్ని తొలగించలేదు. రెండూ పక్కపక్కనే నడుస్తూ, ఒకదానిని చూపించి రెండోదాన్ని ఎగవేయడం అలవాటైంది. స్వార్జితాన్ని వీలునామా ద్వారా కొడుకులకే రాసే స్వేచ్ఛ తండ్రికి ఇంకా ఉండటం ఎగవేతకు మరొక దారి.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో, అంటే ఒకే నిర్వహణ కింద ఉన్న సేద్యపు భూముల్లో, స్త్రీల నిర్వహణలో ఉన్నవి సుమారు 14 శాతం మాత్రమే. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ బృందం తొమ్మిది రాష్ట్రాల గ్రామాల సమాచారంతో చేసిన అధ్యయనంలో కూడా భూయజమానుల్లో స్త్రీలు దాదాపు అంతే శాతం ఉన్నారు. ఆ రాష్ట్రాల్లో తెలంగాణ 32 శాతంతో మొదటి స్థానంలో ఉండటం చెప్పుకోదగినదే గాని, భూమి దక్కిన స్త్రీలలో అధికులకు అది వచ్చినది కూతుళ్ళుగా కాదని, భర్త మరణం తర్వాతనని కూడా ఆ అధ్యయనం చూపింది. నాట్లు, కలుపు, కోతల్లో ఎక్కువ పని చేసేది స్త్రీలే అయినా 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పథకం సొమ్ము పట్టాదారుకే జమ అయ్యేది. పట్టా మామగారి పేరనే ఉండిపోయిన ఇంట్లో రైతు ఆత్మహత్య చేసుకుంటే, అతని భార్య చట్టప్రకారం భర్త స్థానంలో వారసురాలే అయినప్పటికీ, ఆ భూమి తన పేరుకు మారేలోగా ఎన్నో చేతులు దాటవలసి వస్తుంది.

పరిస్థితిని మార్చే శక్తి ఎక్కడుందో చెప్పే పరిశోధనలు కొన్ని ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో క్షేత్రపరిశీలన చేసి 2020లో గ్రంథం ప్రచురించిన రాజనీతి శాస్త్రవేత్త రేచల్ బ్రూలే, సర్పంచ్ పదవి స్త్రీలకు రిజర్వయిన చోట కూతుళ్ళు తమ వారసత్వాన్ని రాబట్టుకోవడం పెరిగిందని, అయితే దానితో పాటు కుటుంబాల ప్రతిఘటన కూడా పెరిగిందని, పెళ్ళి సంబంధం కుదరక ముందే కట్నానికి బదులు వాటా తీసుకునేలా మాట్లాడుకోగలిగిన చోట ఆ ప్రతిఘటన తగ్గిందని వివరించారు. ఆస్తి ఉండటం వల్ల కలిగే రక్షణ గురించి కేరళలో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ చేసిన పరిశీలన మరింత సూటిగా ఉంది: ఏ స్థిరాస్తీ లేని భార్యల్లో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తినగా, ఇల్లూ భూమీ రెండూ తమ పేర ఉన్నవారిలో అది 7 శాతమే.

పైన చెప్పిన హిందూ వారసత్వ చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవ కుటుంబాల్లో 1925 నాటి భారత వారసత్వ చట్టం కొడుకును, కూతురిని సమానంగానే చూస్తుంది. ముస్లిం ధర్మశాస్త్రం కూతురికి కొడుకు వాటాలో సగం నిర్ణయించింది. షెడ్యూల్డు తెగలను హిందూ వారసత్వ చట్టం తన పరిధి నుంచి మినహాయించినందువల్ల మన్యం ప్రాంతపు స్త్రీల హక్కు చాలావరకు తెగ ఆచారం మీదే ఆధారపడి ఉంది.

హిందూ స్త్రీ సొంత సంపాదన విషయంలో మాత్రం 1956 చట్టపు పాత చూపు ఇంకా మారలేదు. పిల్లలు లేని వితంతువు వీలునామా లేకుండా మరణిస్తే ఆమె స్వార్జితం తల్లిదండ్రుల కంటే ముందు భర్త వారసులకు చెందుతుందని పదిహేనో సెక్షను చెబుతుంది. పెళ్ళయిన కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకుని, అత్తవారు వెళ్ళగొట్టగా పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసిన ఒక స్త్రీ కూడబెట్టిన సొమ్ము, ఆమె తల్లి కోరినా, భర్త అక్కచెల్లెళ్ళ కొడుకులకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. సానుభూతి చట్టాన్ని మార్చలేదని కోర్టు ఒప్పుకుంది. ఈ సెక్షనును సవరించాలని లా కమిషన్ 2008లోనే 207వ నివేదికలో సిఫారసు చేసినా పార్లమెంటు దానిని ఇంతవరకు చేపట్టలేదు. అది జరిగేదాకా ఉద్యోగం, వ్యాపారం, సేద్యం ఏది చేసి సంపాదించిన స్త్రీ అయినా తన ఆస్తి ఎవరికి చెందాలో వీలునామా రాసి ఉంచుకోవాలి. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆమె సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు.